స్టోరు బియ్యం ఎవరు కోస్తారు, ఎట్టా కోస్తారు

2025 నవంబర్ మొదటి వారం. మా ఊరి రేషన్ స్టోరు ముందు సంచి పట్టుకుని నిలబడి ఉండా, పైన తుంపర, లోపల వేలిముద్ర తీసుకునే ఈపాస్ మెషీన్‌లో సర్వర్ గుండ్రంగా తిరుగుతానే ఉంది ఎంతసేపటికీ ఆగట్లా. అప్పుడే డాలస్ నించి మా బావ ఫోన్. ఆయన ఆడ ఒక గ్రోసరీ షాపులో మేనేజరు, వాళ్ళకి అది రాత్రి షాపు మూసే టైము. "జనం లేర్రా షాపులో, ఈ నెల గవర్నమెంటు కార్డుల్లో డబ్బులు పడలేదంట, వచ్చినోళ్ళు కార్డు గీకి చూసుకుని సామాన్లు కౌంటర్ మీదే వదిలేసి పోతుండారు" అన్నాడు. నేను ఈడ సర్వర్ రాలేదు బావా అన్నా. ఇద్దరం నవ్వుకున్నాం కానీ నా ముందున్న పెద్దమ్మ నాలుగోసారి వేలు పెట్టి తీసింది, మెషీన్ మళ్ళీ ఒప్పుకోలా. ఆమె ఇరవై ఏళ్ళ పైన పొగాకు గ్రేడింగ్‌కి పోయింది, వేళ్ళ మీద గీతలు ఏం మిగులుతాయి చెప్పండి.

అప్పట్నించి ఈ విషయం ఒకసారి కూర్చుని రాయాలనుకుంటా ఉండా. ఎందుకంటే మన వాట్సాప్ గ్రూపుల్లో రేషన్ గురించి వచ్చేవి రెండే రకాలు, ఒకటి "బియ్యం ఎత్తేస్తుండారు, అయిపోయింది" అని, ఇంకోటి "అందరికీ ఫ్రీగా పెట్టి సోమరులని చేస్తుండారు" అని. రెండూ విని విని విసుగొచ్చింది. నాకు అర్థమైనంతలో ఏందంటే, కోత అనే మాట ఏ గవర్నమెంటూ నోటితో అనదు, తలకి ఐదు కేజీలు అనేది ఐదు కేజీలుగానే ఉంటాది. ఆ ఐదు ఎంతమందికి ఇవ్వాలి, దాని డబ్బు ఎవరు కట్టాలి, తెచ్చుకోడానికి ఎన్నిసార్లు తిరగాలి, ఇవీ కదిలేవి. కోత ఆడ జరుగుతాది.

ముందు ఒక చిన్న లెక్క, మన నెల్లూరు లెక్కలోనే చెప్తా. మనకి పుట్టి అంటే 850 కేజీల వడ్లు (మిల్లరు తీసుకునేటప్పుడు ఎంత అవుతాదో అది వేరే కథ, ఇప్పుడు వద్దు). 2025-26కి సాధారణ రకం వడ్లకి మద్దతు ధర క్వింటాల్ 2369, అంటే పుట్టికి 20 వేల చిల్లర. గవర్నమెంటు లెక్కన వంద కేజీల వడ్లకి 67 కేజీల బియ్యం రావాలి, కాబట్టి పుట్టికి దాదాపు 570 కేజీలు. తలకి ఐదు కేజీలంటే 114 మందికి ఒక నెల. కొనడం, మర ఆడించడం, గోనె సంచులు, గోడౌన్, లారీ, వడ్డీ అన్నీ కలిపితే కేజీ బియ్యం గవర్నమెంటుకి పడేది సుమారు 40 రూపాయలు. అంటే ఒక మనిషికి నెలకి 200. నలుగురున్న ఇంటికి నెలకి 800. ఈ 200 అనే నంబర్ గుర్తుపెట్టుకోండి, మిగతా గొడవంతా దీని చుట్టూనే.

ఇప్పుడు బడ్జెట్. ఫేస్‌బుక్‌లో ఒక గ్రాఫ్ తిరుగుతా ఉంటాది చూసుంటారు, కేంద్రం ఆహార సబ్సిడీ 2020-21లో 5.41 లక్షల కోట్లు, 2022-23కి 2.73, 2023-24కి 2.12, 2025-26 బడ్జెట్లో 2.03 లక్షల కోట్లు, చూశారా సగానికి పైగా కోసేశారు అని కింద రాస్తారు. నంబర్లు కరెక్టే. కానీ ఆ 5.41లో చాలా వరకు పాత అప్పు. అంతకుముందు కొన్నేళ్ళు ఏం చేసేవాళ్ళంటే ధాన్యం కొని నిల్వచేసే కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐకి ఇవ్వాల్సిన సబ్సిడీ పూర్తిగా ఇచ్చేవాళ్ళు కాదు, పోయి చిన్న పొదుపు మొత్తాల నిధిలో అప్పు తెచ్చుకో అనేవాళ్ళు, అంటే మన పోస్టాఫీసు డబ్బులే. అట్టా బడ్జెట్ పుస్తకంలో సబ్సిడీ తక్కువ కనపడేది, 2019-20లో 1.09 లక్షల కోట్లే కనపడింది. 2021 బడ్జెట్లో ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గారు ఈ దాపరికం ఆపేసి ఆ అప్పులన్నీ ఒకేసారి తీర్చేశారు, దానికి తోడు కోవిడ్ బియ్యం, అందుకే ఆ ఏడు కొండంత అయింది. కాబట్టి 2019-20 చూపించి "అబ్బో రెట్టింపు చేశాం" అనేవాళ్ళూ, 2020-21 చూపించి "సగానికి కోశారు" అనేవాళ్ళూ ఇద్దరూ మనల్ని ఎర్రోళ్ళని చేస్తుండారు. 2.03 లక్షల కోట్లని 80 కోట్ల మందికి పన్నెండు నెలలకి భాగించి చూడండి, మనిషికి నెలకి 210 వస్తాది. మనం పైన వేసుకున్న 200 లెక్కకి దగ్గరే. అంటే ఉన్నవాళ్ళకి ఇచ్చేదాంట్లో పెద్ద మోసం లేదు. మరి కోత ఏడ?

మొదటిది 2023 జనవరిలో జరిగింది, అది కోతలాగా అనిపించలేదు, పండగలాగా అనిపించింది. 2020 ఏప్రిల్ నించి 2022 డిసెంబర్ దాకా, మధ్యలో కొన్ని నెలలు తప్ప, కేంద్రం గరీబ్ కల్యాణ్ కింద తలకి ఐదు కేజీలు ఎగస్ట్రా ఫ్రీగా ఇచ్చింది. మామూలు ఐదు కేజీలు మన దగ్గర రూపాయికి కేజీ. అంటే నలుగురున్న ఇంటికి 20 కేజీలు 20 రూపాయలకి, ఇంకో 20 కేజీలు ఊరికే. 2023 జనవరి ఒకటి నించి ఏం చేశారంటే ఆ ఎగస్ట్రా ఆపేసి, మామూలు దాన్ని ఫ్రీ చేసి, ఆ గరీబ్ కల్యాణ్ పేరే దీనికి తగిలించారు. పేపర్లో హెడ్డింగ్ "ఇకపై ఉచితం". ఇంటికి మిగిలింది 20 రూపాయలు, పోయింది 20 కేజీలు. కోవిడ్ కోసం పెట్టింది కోవిడ్ పోయాక తీసేశారు, అందులో తప్పేముంది అంటే అది న్యాయమైన వాదనే, నేను కాదనను. కానీ తీసేస్తున్నాం అని చెప్పి తీసేయొచ్చు కదా. మా ఊళ్ళో చాలామందికి ఆ నెల బియ్యం తగ్గినట్టు సంచి ఎత్తినప్పుడే తెలిసింది, డీలరుతో కొట్లాడినారు కూడా, పాపం ఆయనేం చేస్తాడు.

రెండోది ఇంకా చిక్కు. దీన్ని అర్థం చేసుకోడానికి మీ కార్డు, మీ పక్కింటి కార్డు పక్కపక్కన పెట్టుకోండి. ఒకే రంగు, ఒకే బొమ్మ, ఇప్పుడు క్యూఆర్ కోడ్ ఉన్న స్మార్ట్ కార్డులు కూడా ఒకే రకం. కానీ ఒకటి కేంద్రం కార్డు, ఇంకోటి రాష్ట్రం కార్డు అయ్యుండొచ్చు. 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చినప్పుడు దేశం మొత్తం మీద పల్లెల్లో 75 శాతానికి, పట్నాల్లో 50 శాతానికి మించకుండా ఇస్తాం అన్నారు. రాష్ట్రానికి ఒక శాతం కట్టారు, మనకి పల్లెల్లో 60.96, పట్నాల్లో 41.14. ఈ శాతం ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పటి ఖర్చుల సర్వే చూసి కట్టింది, హైదరాబాద్ కూడా కలిపి. రాష్ట్రం విడిపోయింది, హైదరాబాద్ ఆడికి పోయింది, శాతం మాత్రం రెండు రాష్ట్రాలకీ అదే మిగిలింది. ఉదయగిరి మెట్టలో ఉండే కూలి ఎంత పేదోడో తేల్చే లెక్కలో హైటెక్ సిటీ ఖర్చు కూడా కలిసిపోయింది అన్నమాట. నవ్వాలో ఏడవాలో.

అట్టా లెక్క కట్టగా మన రాష్ట్రంలో 2 కోట్ల 68 లక్షల మందికి కేంద్రం బియ్యం ఇస్తాది. కార్డుల లెక్కలో దాదాపు 90 లక్షలు. మన దగ్గర మొత్తం కార్డులేమో కోటీ 45 లక్షల చిల్లర. మిగిలిన యాభై లక్షల పైన కార్డుల బియ్యం ఖర్చు రాష్ట్రం సొంతంగా మోస్తా ఉంది. ఇది పార్టీతో సంబంధం లేకుండా నడుస్తా వచ్చింది, ఎందుకంటే ఇది మన రాష్ట్రం మొదలుపెట్టిన అలవాటు. 1983లో ఎన్టీఆర్ రెండు రూపాయలకి కేజీ బియ్యం పెట్టినప్పుడు దేశంలో ఆహార భద్రతా చట్టం అనే ఊసే లేదు. తర్వాత ఆ రేటు మూడున్నరకి పోయింది, 94లో ఆయన మళ్ళీ వచ్చాక రెండు అయింది, 96లో చంద్రబాబు మూడున్నర చేశారు, 2008లో వైఎస్ మళ్ళీ రెండు చేశారు, 2011లో కిరణ్ కుమార్ రెడ్డి రూపాయి చేశారు. మా నాయన ఈ రేట్లని బట్టే సంవత్సరాలు గుర్తుపెట్టుకుంటాడు, "మీ అక్క పెళ్ళి మూడున్నర బియ్యం అప్పుడు" అంటాడు.

ఈ రెండు రకాల కార్డులు ఎప్పుడు బయటపడతాయంటే డబ్బు గొడవ వచ్చినప్పుడు. 2022లో కేంద్రం ఎగస్ట్రా ఐదు కేజీలు తన కార్డులకి మాత్రమే ఇస్తానంది, రాష్ట్రమేమో కొందరికి ఇచ్చి కొందరికి ఇవ్వకపోతే ఊళ్ళో తలకాయలు పగులుతాయి, అందరికీ ఇవ్వండి అని పంచడం ఆపేసింది. కొన్ని నెలలు అసలు ఎవరికీ రాలా. కేంద్రం గట్టిగా పట్టుకుంటే ఆగస్టు నించి కేంద్రం కార్డుల వరకే ఇచ్చారు. పక్కపక్క ఇళ్ళు, ఒకే కూలి, ఒకే కాలనీ, ఒకరికి 40 కేజీలు ఒకరికి 20. రాష్ట్రం కార్డోళ్ళకి తాము రాష్ట్రం కార్డోళ్ళమని అప్పుడే తెలిసింది. ఇంకో చోట కూడా తెలుస్తాది. మన ఉదయగిరి, వింజమూరు వైపు నించి చెన్నైకీ బెంగళూరుకీ పనులకి పోయేవాళ్ళు ఒకే దేశం ఒకే రేషన్ కింద ఆడ స్టోరులో బియ్యం తీసుకోవచ్చు కదా అనుకుంటారు, కానీ అది కేంద్రం కార్డుకే పనిచేస్తాది. రాష్ట్రం కార్డు తమిళనాడు సరిహద్దులో ఉన్న తడ దాటితే చెల్లదు.

సరే, అసలు పెద్ద కోత దగ్గరికి వస్తా. 2015లో ఎఫ్‌సీఐని ఎట్టా మార్చాలో చూడమని కేంద్రం వేసిన శాంతకుమార్ కమిటీ ఒక రిపోర్ట్ ఇచ్చింది, 67 శాతం జనాభాకి ఎందుకు, 40 శాతానికి తగ్గించండి అని. 2021లో నీతి ఆయోగ్ ఒక పేపర్ తయారు చేసింది, పల్లెల్లో 75ని 60కి, పట్నాల్లో 50ని 40కి తగ్గిస్తే ఏడాదికి 47 వేల కోట్లు మిగులుతాయి అని. రెండిటికీ గోల అయింది, గవర్నమెంటు రెండూ అమలు చెయ్యలా. చెయ్యక్కర్లేదు కూడా. ఎందుకో చూడండి. చట్టం ప్రకారం ఎంతమందికి అన్నది జనాభా లెక్కల్ని బట్టి తేలాలి. చివరి లెక్కలు 2011వి. అప్పుడు జనం 121 కోట్లు, కార్డుల పరిమితి 81 కోట్ల 35 లక్షలు, అంటే మూడింట రెండొంతులు. 2021లో లెక్కలు తియ్యాలి, కోవిడ్ అన్నారు, తర్వాత వాయిదా, మళ్ళీ వాయిదా. ఇప్పుడు జనం 145 కోట్ల దగ్గర ఉన్నారు, పరిమితి మాత్రం ఆ 81 కోట్ల 35 లక్షలే. భాగించి చూసుకోండి, 56 శాతం. ఎవరూ జీవో ఇవ్వలా, పార్లమెంటులో ఓటు వెయ్యలా, పేపర్లో హెడ్డింగ్ రాలా, 67 శాతం పోయి 56 అయింది. జాన్ డ్రేజ్, రీతికా ఖేరా లాంటి ఆర్థికవేత్తలు 2020లోనే లెక్కేసి పది కోట్ల మందికి పైగా ఇట్టా బయట మిగిలిపోయారు అని చెప్పారు. పెళ్ళయి వేరు కాపురం పెట్టిన పిల్లోడు సచివాలయంలో కొత్త కార్డుకి అప్లై చేసి ఎన్నాళ్ళయినా రాకపోతే వాడు ఆడ కూర్చున్న అమ్మాయిని తిడతాడు, ఆమె చేతిలో ఏముంది, పైన కుండే నిండిపోయి ఉంది.

కుండ నిండిపోయాక కొత్తవాళ్ళకి చోటు కావాలంటే పాతవాళ్ళని తియ్యాలి. ఈ తీసే పని ఎట్టా జరుగుతాదో మన జిల్లాలో ఎవరిని అడిగినా చెప్తారు. ఆరు అంచెల వడపోత అని ఒకటి ఉంది కదా, పల్లెలో నెల ఆదాయం పది వేలు దాటకూడదు, కరెంటు 300 యూనిట్లు దాటకూడదు, మాగాణి మూడెకరాలు మెట్ట పదెకరాలు మించకూడదు, కారు ఉండకూడదు, ఇంకమ్ టాక్స్ కట్టకూడదు, ఇంట్లో గవర్నమెంటు ఉద్యోగి ఉండకూడదు. వినడానికి బానే ఉంది. కానీ హైదరాబాద్‌లో కొడుకు కారు లోన్ తీసుకుంటే ఊళ్ళో అమ్మ కార్డు ఎగిరిపోయిన ఇళ్ళు నాకు తెలుసు, ఒకే మీటరు మీద మూడు కుటుంబాలుంటే కరెంటు యూనిట్లు దాటిపోయి ముగ్గురికీ పోయింది నాకు తెలుసు. 2025లో కేంద్రం కూడా దేశమంతా కలిపి కోటీ 17 లక్షల కార్డుదారుల లిస్టు రాష్ట్రాలకి పంపింది, వీళ్ళు టాక్స్ కడుతున్నారు, కార్లున్నాయి, కంపెనీల్లో డైరెక్టర్లు, చెక్ చేసి తియ్యండి అని. నిజంగా ఉన్నోళ్ళు ఉంటారు, వాళ్ళని తియ్యడం తప్పని ఎవరూ అనరు. అదే ఏడు జూలైలో ఇంకో ఆర్డరు, ఆరు నెలలు బియ్యం తీసుకోకపోతే కార్డు ఆగిపోతాది, మూడు నెలల్లో వెరిఫికేషన్ చేసుకోవాలి.

ఈకేవైసీ సంగతి వేరే చెప్పాలి. కార్డులో ఉన్న ప్రతి మనిషీ వేలిముద్ర వెయ్యాలి, ఐదేళ్ళ లోపు పిల్లలకీ ఎనభై దాటినోళ్ళకీ మన రాష్ట్రంలో మినహాయింపు. గడువు 2025లో మార్చి అన్నారు, ఏప్రిల్ అన్నారు, జూన్ అన్నారు. చచ్చిపోయినోళ్ళ పేర్లు తియ్యడానికి ఇది మంచి పద్ధతే. కానీ ఎవరు తప్పిపోతారో చూడండి. పొగాకు పని చేసినోళ్ళు, రొయ్యల కంపెనీల్లో ఐసులో చేతులు పెట్టి పనిచేసే ఆడోళ్ళు, గుంటూరు మిరపకోతలకి పోయినోళ్ళు. అన్నిటికంటే మన గిరిజనులు, యానాదులు. రాష్ట్రంలో యానాదులు ఎక్కువగా ఉండేది మన నెల్లూరు జిల్లాలోనే, కాలవ గట్ల మీద, రొయ్యల గుంటల కాపలా గుడిసెల్లో. వాళ్ళలో ఎంతోమందికి పుట్టిన సర్టిఫికెట్ లేదు, అది లేకపోతే ఆధార్ లేదు, 2017లో రేషన్‌కి ఆధార్ ఉండి తీరాలన్నారు కాబట్టి ఆధార్ లేకపోతే కార్డు లేదు. అందరికంటే ముందు ఎవరికి బియ్యం అందాలో వాళ్ళు లిస్టులోకే రాలేదు, ఇంక వాళ్ళని తియ్యాల్సిన పనేముంది.

బండ్ల గురించి కూడా ఒక మాట, ఎందుకంటే దీని మీద మా ఇంట్లోనే రెండు పార్టీలు. 2021లో జగన్ గవర్నమెంటు 9,260 బండ్లు పెట్టి ఇంటి దగ్గరకే బియ్యం అంది, 2025 జూన్ ఒకటి నించి ఇప్పటి గవర్నమెంటు బండ్లు తీసేసి మళ్ళీ స్టోరుకే రమ్మంది, 65 దాటినోళ్ళకీ వికలాంగులకీ ఇంటికి తెచ్చిస్తాం అంది. మా అమ్మ బండే నయం అంటాది. మా పిన్ని ఏమంటాదంటే బండి మన వీధికి ఎప్పుడొస్తాదో తెలీక కూలి మానుకుని కూర్చునేదాన్ని, ఇప్పుడు నెలలో ఒకటి నించి పదిహేను దాకా పొద్దున ఎనిమిది నించి పన్నెండు, సాయంత్రం నాలుగు నించి ఎనిమిది, నా ఇష్టమొచ్చినప్పుడు పోతా అని. ఇద్దరూ కరెక్టే. స్టోరు పక్కవీధిలో ఉన్నోళ్ళకి స్టోరు సుఖం, మూడు కిలోమీటర్ల అవతల ఉన్నోళ్ళకి ఆటో చార్జీ బియ్యం మీద పడ్డట్టే. కాబట్టి దీన్ని నేను కోత అనను, కొందరి మీద వేసిన చిన్న పన్ను అంటాను.

"అందరూ అమ్ముకుంటుండారు కదన్నా, ఇంకెందుకు ఇవ్వడం" అనే ప్రశ్న ఖాయంగా వస్తాది, కాబట్టి దాని సంగతి కూడా. అవును, అమ్ముకుంటారు. మా ఊళ్ళో కూడా మోపెడ్ మీద వచ్చి కేజీ పది పన్నెండుకి కొనుక్కుని పోతారు. ఆ బియ్యం రీసైక్లింగ్ అయ్యి పోర్టుల దాకా పోతాదని అందరికీ తెలుసు, 2024 నవంబర్‌లో కాకినాడ పోర్టులో పవన్ కల్యాణ్ "సీజ్ ద షిప్" అన్నది దీని గురించే. దేశం మొత్తం మీద 28 శాతం గింజలు చేరాల్సిన వాళ్ళకి చేరట్లేదని ఐసీఆర్ఐఈఆర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ వాళ్ళు 2024లో లెక్కేశారు. కానీ అమ్మేవాళ్ళు ఎందుకు అమ్ముతారో అడగండి. మనది ఒకప్పుడు మొలగొలుకులు తిన్న జిల్లా, ఇప్పుడు బీపీటీ అనే సన్నరకం తినే జిల్లా, దొడ్డు బియ్యం గొంతు దిగదు, పైగా పోషకాలు కలిపిన గింజలు తెల్లగా కనపడితే ప్లాస్టిక్ బియ్యం అనే పుకారు ఒకటి. అందుకని 20 కేజీలు అమ్మి వచ్చిన 200 మీద ఇంకో ఏడెనిమిది వందలు వేసుకుని సన్నబియ్యం తెచ్చుకుంటారు. గవర్నమెంటు 800 ఖర్చు పెడితే ఆ ఇంటికి 200 చేరతా ఉంది, మిగతాది మధ్యలో వాళ్ళకి. అది బియ్యం రకం మార్చాల్సిన విషయం, మోపెడ్ వాడి వెనకాల ఎవరున్నారో పట్టుకోవాల్సిన విషయం. ఆ ఇంటికి అవసరం లేదని దాని నించి తేలదు.

ఇంక చప్పుడు లేకుండా పోయినవి కొన్ని. పంచదారకి కేంద్రం కేజీకి పద్దెనిమిదిన్నర సబ్సిడీ ఇచ్చేది, 2017లో కడు పేదోళ్ళకిచ్చే అంత్యోదయ కార్డులకి తప్ప అందరికీ ఆపేసింది. కిరసనాయిలు అయితే 2016 నించి పావలా పావలా చొప్పున పెంచుకుంటా పోయి 2020 కల్లా సబ్సిడీ సున్నా చేశారు, పావలాకి ఎవడు ధర్నా చేస్తాడు. 67 రూపాయల కందిపప్పు స్టోరులో ఉన్న నెల కంటే లేని నెల ఎక్కువ, ఆ పప్పు తీసేశామని ఎవరూ చెప్పలా. అంగన్‌వాడీలో పిల్లకి రోజుకి 8 రూపాయలు, గర్భిణికి 9.50 అని 2017 అక్టోబర్‌లో పెట్టిన రేటు ఏళ్ళకేళ్ళు కదల్లా. బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆమెకి కేంద్రం లెక్కలో నెలకి వెయ్యి రూపాయలు, 2009లో పెట్టింది. మన రాష్ట్రం 2019లో దాన్ని మూడు వేలు చేసింది కాబట్టి సరిపోయింది, లేకపోతే వెయ్యికి పిలకాయలకి వండే మనిషి దొరికేనా. కూరగాయలు, పప్పు, నూనె, గ్యాస్‌కి ప్రైమరీ పిల్లకి రోజుకి ఇచ్చేది 2025 మేలో 6.19 నించి 6.78 అయింది, యాభై తొమ్మిది పైసలు. గుడ్డు మన రాష్ట్రం వేరే డబ్బుతో పెడతా ఉంది కాబట్టి పిలకాయలు గుడ్డు మొహం చూస్తుండారు. ధరలు పెరిగి రేటు నిలబడిపోతే అదీ కోతే, కాకపోతే గరిటెలో కనపడతాది, కాగితంలో కనపడదు.

మళ్ళీ మా బావ దగ్గరికి వస్తా. అమెరికాలో స్నాప్ అని ఉంది, మనవాళ్ళు ఫుడ్ స్టాంప్స్ అంటారు, నాలుగు కోట్ల పైన జనం, మనిషికి సగటున నెలకి 190 డాలర్ల లోపు కార్డులో పడతాది. 2025 అక్టోబర్‌లో ఆడ బడ్జెట్ గొడవతో గవర్నమెంటు మూతపడింది, నవంబర్ డబ్బులు టైముకి పడలా, కోర్టుల దాకా పోయింది, నవంబర్ 12న షట్‌డౌన్ తీరాకే దారిన పడింది. అది తాత్కాలికం. అసలుది అంతకుముందే జూలై 4న ట్రంప్ సంతకం పెట్టిన చట్టంలో ఉంది, పదేళ్ళలో స్నాప్ మీద దాదాపు 186 బిలియన్ డాలర్లు తగ్గుతాదని అక్కడి బడ్జెట్ ఆఫీసు లెక్క, మన డబ్బుల్లో 16 లక్షల కోట్ల లాగా. ఇది ఎట్టా తగ్గించారో చదివితే నాకు మా స్టోరే కనపడింది. కార్డులో వేసే డాలర్లని నేరుగా కొయ్యలేదు. నెలకి 80 గంటలు పని చేస్తున్నట్టు కాగితం చూపించాలనే రూలు ఇంతకుముందు 54 ఏళ్ళ దాకా, ఇప్పుడు 64 దాకా. మా బావ షాపులో ఒక పెద్దాయన వారానికి మూడు రోజులు తోట పనులకి పోతాడంట, పని చేస్తాడు కానీ చేసినట్టు కాగితం ఎవరిస్తారు. మన పెద్దమ్మ వేలిముద్ర, ఆయన కాగితం, నాకు పెద్ద తేడా కనపడలా.

ఇంకోటి, ఇప్పటిదాకా కార్డులో పడే డబ్బు మొత్తం ఆడ కేంద్రమే ఇచ్చేది. 2027 అక్టోబర్ నించి మొదలయ్యే వాళ్ళ ఆర్థిక సంవత్సరం నించి లెక్కల్లో తప్పులు 6 శాతం దాటిన రాష్ట్రాలు 5 నించి 15 శాతం దాకా తామే మొయ్యాలి. తప్పులంటే దొంగతనం అనుకోకండి, ఎక్కువ ఇచ్చినా తక్కువ ఇచ్చినా రెండూ తప్పులే, 2024లో దేశం మొత్తం సగటు 10.93 శాతం. డబ్బు లేని రాష్ట్రం ఏం చేస్తాది, అనుమానం ఉన్న ప్రతి అప్లికేషన్‌నీ పక్కన పెడతాది. కేంద్రం కొయ్యలా, రాష్ట్రం చేత కోయించింది. మన 90 లక్షల కార్డులు, మిగతా యాభై లక్షల పైన కార్డుల కథకి చుట్టమే ఇది. 2025 సెప్టెంబర్‌లో ఇంకో పని కూడా చేశారు, ఏ ఇంట్లో తిండికి కటకట ఉందని ఏటా చేసే సర్వే ఉండేది, అది ఆపేశారు. మనం జనాభా లెక్కలు వాయిదా వేస్తా వచ్చాం, వాళ్ళు ఆకలి లెక్కలు మానుకున్నారు.

ఇప్పుడు మనకి జనాభా లెక్కలు 2027లో అంటుండారు. అవి వచ్చాక ఏమవుతాది అన్నదే నేను ఎదురు చూస్తున్నది. 60.96, 41.14 శాతాలు అట్టనే ఉంచి కొత్త జనాభా వేస్తే రాష్ట్రానికి కేంద్రం కార్డులు కొన్ని లక్షలు పెరుగుతాయి, రాష్ట్రం మోసే బరువు ఆ మేరకి దిగుతాది. అట్టా కాకుండా కొత్త ఖర్చుల సర్వే చూసి శాతాలే మళ్ళీ కడితే, పేదరికం తగ్గింది కదా అని కిందకి కూడా పోవచ్చు. పైగా మన దక్షిణాదిలో జనాభా నిదానంగా పెరిగింది, ఉత్తరాదిలో వేగంగా పెరిగింది, కుండ పెద్దది చెయ్యకుండా పంచితే మన వాటా ఏమైతాదో చూసుకోవాలి. ఎమ్మెల్యేలు ఎంపీలు లోక్‌సభ సీట్ల గురించి మాట్లాడినంత దీని గురించి మాట్లాడటం నేను వినలా.

ఆ రోజు పెద్దమ్మకి వేలు ఒప్పుకోకపోతే డీలరు చివరికి కంటి స్కానర్ తీసి చూపించాడు, కళ్ళద్దాలు తీసెయ్ అవ్వా అని. మూడోసారికి పట్టింది. ఇరవై కేజీలు తూచి పోశాడు, ఆమె సంచి మూతి కట్టుకుంటా "మా పెద్దోడి కోడల్ని కార్డులో ఎక్కించమని పోయినేడు రాసిచ్చినా, ఎప్పుడెక్కిస్తారు నాయనా" అని నన్నడిగింది, సెల్‌ఫోన్‌లో మాట్లాడుతున్నా కాబట్టి నేనేదో ఆఫీసరు అనుకుంది. బావ ఇంకా లైన్లోనే ఉన్నాడు.